ఊరి బడిలో ఊరెవరు?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో మీ అందరికీ తెలుసు. అయినా ఆహ్వాన పత్రిక మీద ఆయన పేరు లేదు, ఇక్కడ పూలదండ వేసిన పటమూ లేదు. "నా పేరు ఏ గోడ మీదా చెక్కించొద్దు, బడి గోడలు పిల్లల పాఠాలకే సరిపోవు" అని ఆయన ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారు. ఆ మాటకు కట్టుబడి నేను కూడా ఈ పూటంతా మాస్టారు అనే అంటాను. ఈ ఏలూరులో, ఆ కొల్లేటి లంకల్లో, తాడేపల్లిగూడెం దాకా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

1987లో నేను ఒక లంక బడిలో ఉద్యోగంలో చేరడానికి వెళ్లిన రోజు కొల్లేరు నిండుగా ఉంది. రోడ్డు దిగి, గట్టు వెంట నడిచి, చివరి కొంత దూరం తాటిదోనెలో వెళ్లాను. చేతిలో ఆర్డరు కాగితం తడవకుండా తల మీద పెట్టుకున్నాను. మాస్టారు నన్ను చూసి ముందు అన్నం తిన్నావా అని అడిగారు. తరవాత బీరువాలోంచి రెండు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి హాజరుపట్టీ. రెండోది అట్ట ఊడిపోయిన ఒక బౌండు పుస్తకం. "మొదటిది గవర్నమెంటువారి కోసం. రెండోది నీకోసం. రెండోది చదవకుండా మొదటిదాన్లో ఆబ్సెంటు వెయ్యకు" అన్నారు.

ఆ రెండో పుస్తకంలో పిల్లల పేర్లకు ఎదురుగా ఇళ్ల సంగతులు ఉన్నాయి. ఫలానా కుర్రాడి తండ్రి చేపల చెరువు మీద కాపలా, పట్టుబడి అయ్యేదాకా గట్టు దిగడు. ఫలానా పిల్ల వాళ్లమ్మ ఊడ్పులకు వెళ్తే చంటిదాన్ని ఈ పిల్లే ఎత్తుకోవాలి. ఫలానా ఇంట్లో దోనె ఒక్కటే, తండ్రి చేపల మావులు ఎత్తడానికి తీసుకెళ్తే పిల్లలకు బడికి దారి లేదు. ఇలా ఇంటింటికీ. నేను ట్రైనింగులో పిల్లల మనస్తత్వం గురించి చాలా చదివి వచ్చినవాణ్ని. ఆ లంకలో పిల్లవాడు బడికి రాకపోవడానికి వాడి మనసు కంటే వాళ్ల నాన్న దోనె ఎక్కువ కారణమని ఆ పుస్తకం చూశాకే అర్థమైంది.

ఆ పుస్తకం గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను. బడి విషయంలో ఊరు పాలుపంచుకోవాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఉత్తర్వులు వస్తున్నాయి, సభలు జరుగుతున్నాయి, ఫొటోలు పడుతున్నాయి. నాకు అందులో ఎంతో సంతోషం ఉంది, అది దాచుకోను. దానితోపాటు ఒక ప్రశ్న కూడా ముప్పై ఏళ్లకు పైగా నా వెంట నడుస్తోంది. ఊరి బడి అంటున్నాం కదా, అందులో ఊరంటే ఎవరు?

ఈ ప్రశ్నకు మన గడ్డ మీదే చాలా పాత జవాబు ఒకటి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవలు పారాయి, రెండు పంటలు పండాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ దశకం నడుమ రాజమండ్రి జిల్లాకు సబ్ కలెక్టరుగా నరసాపురంలో ఉన్న జి.ఎన్. టేలర్ అక్కడి జనం చందాలతో ఒక బడి పెట్టించాడు. పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లోనూ బడులు వచ్చాయి. నరసాపురంలో ఆయన పేరుతో ఉన్న హైస్కూలు మీలో చాలామంది చూసే ఉంటారు.

అసలు విశేషం ఆ తరవాత జరిగింది. పట్నాల్లో బడులు చూసిన చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమకూ తెలుగు బడులు కావాలన్నారు. ఊరికే అడగలేదు. మేము కట్టే శిస్తుతో పాటు బడి ఖర్చు కూడా ఇంతని కలిపి వసూలు చేసుకోండి, మాకు అభ్యంతరం లేదు అని ఒప్పుకున్నారు. పన్ను తగ్గించమని అర్జీలు పెట్టే కాలంలో, అదనంగా మా మీద వెయ్యండి అని అడిగిన ఊళ్లు ఇవి. మద్రాసు రాజధాని విద్యా చరిత్రలో వీటిని గోదావరి రేటు స్కూళ్లు అని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. అలా ఒప్పందం మీద వసూలు చేసే సొమ్ముకు చట్టబలం ఇవ్వడానికి 1863లో మద్రాసు ప్రభుత్వం ఒక విద్యా చట్టమే చేయవలసి వచ్చింది. 1871లో లోకల్ ఫండు చట్టం వచ్చాక ఊరు తనంత తాను వేసుకున్న భారం అందరి మీదా పడే సెస్సుగా మారిపోయింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా నా గుండె పొంగుతుంది. మన తాతముత్తాతలు బడి కోసం తమ మీద తామే పన్ను వేసుకున్నారని చెప్పుకోవడం చిన్న గౌరవం కాదు. కానీ మాస్టారి శిష్యుణ్ని కాబట్టి రెండో పుస్తకం కూడా తెరవాలి. ఆ పన్ను శిస్తు మీద వేసింది. శిస్తు కట్టేవాడు భూమి ఉన్నవాడు. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టిందీ, బడి మాది అని చెప్పుకున్నదీ భూమి ఉన్నవాడే. ఆ భూమి దున్నిన పాలేరుకు, ఊడ్చిన ఆడకూలికి ఆ కాగితంలో చోటు లేదు. వాళ్ల చెమట ఆ శిస్తులో ఉంది, వాళ్ల పేరు మాత్రం లేదు. ఊరి బడి అనే మాట పుట్టినప్పుడే ఊరు అనే మాట సగానికి కుదించుకుని పుట్టింది.

తరవాతి నూరేళ్ల కథ త్వరగా దాటేస్తాను, మీకు తెలిసిందే. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం వెలిసింది. ఈ ఏలూరులో 1945లో కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరిట కళాశాల వచ్చింది, దాతలు ముందుకొచ్చారు. పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా పరిషత్ హైస్కూళ్లు వచ్చాయి. ఈ జిల్లాల్లో ఎన్నో హైస్కూళ్ల గేటు మీద స్థలమిచ్చిన కుటుంబం పేరు కనబడుతుంది. ఆ పేర్లకు చేతులెత్తి మొక్కుతాను. ఎకరం భూమి ఎంత విలువైనదో డెల్టాలో పుట్టిన వాడికి ఒకరు చెప్పాలా?

1998లో ఉమ్మడి రాష్ట్రం బడి నిర్వహణలో జనం పాలుపంచుకోవాలని ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది. ఊరూరా విద్యా కమిటీలు వచ్చాయి. 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలో 21వ సెక్షను చదివిన రోజు నాకు టేలర్ కాలంనాటి ఆ శిస్తు కాగితం గుర్తొచ్చింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వెనకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి వారి సంఖ్యను బట్టి చోటుండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురిని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు, వారిలో ఇద్దరు తల్లులు. భూమి ఉన్నవాడా, లేనివాడా అని చట్టం అడగలేదు. నీ బిడ్డ ఈ బడిలో ఉందా అని మాత్రమే అడిగింది. నూట యాభై ఏళ్ల తరవాత ఊరు అనే మాటకు చట్టం పూర్తి అర్థం రాసింది.

రాసింది సరే, ఊళ్లో ఏమైంది?

నా ఆఖరి ఏళ్ల ఉద్యోగం తాడేపల్లిగూడెం పక్క ఒక పల్లెలో. మెట్టకూ డెల్టాకూ సరిహద్దు అది. అక్కడ తెల్లారేసరికి ఊరి నడిబొడ్డున పసుపు రంగు బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి. స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలంతా టై కట్టుకుని వాటిలో ఎక్కి పట్నం వెళ్లిపోతారు. వెళ్లొద్దని నేను ఎవర్నీ అనలేదు. తన బిడ్డకు మంచిదనుకున్నది చేసే హక్కు ఏ తండ్రికైనా ఉంటుంది. కానీ దాని పర్యవసానం ఒకటి మన కళ్ల ముందే జరిగింది. బడిలో మిగిలిన పిల్లల తల్లిదండ్రులు కూలికి వెళ్లేవాళ్లు, తాపీ పనివాళ్లు, ఆటో తోలేవాళ్లు, ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లు. ఊళ్లో మాట చెల్లేవాళ్ల పిల్లలు బడిలో లేరు. బడిలో పిల్లలున్నవాళ్లకు ఊళ్లో మాట చెల్లదు. ఆనాడు పన్ను కట్టినవాడి బిడ్డే బడిలో కూర్చునేవాడు, అందుకే బడి తలుపు ఊడితే వాడికి నొప్పి తెలిసేది. ఈనాడు నొప్పి తెలిసినవాడి గొంతు పంచాయతీ ఆఫీసు గుమ్మం దాటదు. మన ప్రభుత్వ బడులకు పట్టిన అసలు జబ్బు ఇదని నా నమ్మకం. జీతాలు, భవనాలు, పుస్తకాలు దీని తరవాతవే.

జెండా పండగ రోజు వేదిక మీద కుర్చీలు ఎవరికి వేస్తున్నామో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. నేనూ వేశాను కాబట్టి చెబుతున్నాను. ఊరి పెద్దలకు, దాతలకు, నాయకులకు కుర్చీలు. కమిటీ ఛైర్మన్‌గా ఎన్నికైన తల్లి పిల్లల వెనకాల చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఆవిడను పైకి రమ్మని పిలవడం నాకు ఉద్యోగంలో చేరిన పాతికేళ్లకు గాని తట్టలేదు. ఆ ఆలస్యం నాది.

నా ఆలోచన మారిన రోజు ఒకటి ఉంది. 2019 నవంబరు 14న ఒంగోలులో మనబడి నాడు-నేడు కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో రాష్ట్రమంతటా 15,715 బడులు తీసుకున్నారు. మా బడి అందులో ఉంది. కాంట్రాక్టరు లేడు. డబ్బు తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో పడేది, తీర్మానం వాళ్లదే, పని చేయించుకునేదీ వాళ్లే. మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీ, రంగులు. నాకు నిజంగా భయం వేసింది. లెక్కల్లో తేడా వస్తే పెన్షను పోతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఇటుక లోడు దిగిన రోజు నేను చలానా మీద సంతకం పెట్టబోతుంటే మూడో తరగతి పిల్ల వాళ్లమ్మ వచ్చింది. ఆవిడ తాపీ పనిలో మాల్ అందించే కూలి. "ఉండండి మాస్టారూ" అని లోడులోంచి రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి తట్టింది. కంగుమని మోగలేదు, బొక్క శబ్దం వచ్చింది. మూడోది తీసింది, నాలుగోది తీసింది. ఒకటి నీళ్ల బకెట్లో పడేసి కాసేపాగి చూపించింది, అంచులు మెత్తబడిపోతున్నాయి. "ఇవి సరిగ్గా కాలలేదండి. దొడ్డి గోడకైతే సరే. పిల్లల మరుగుదొడ్లకి వద్దండి" అంది. లోడు వెనక్కి పంపించాం. మర్నాటి నుంచి సిమెంటు పాళ్లు, ఇసకలో మట్టి, గోడకు నీళ్లు కొట్టడం అన్నీ ఆవిడ చేతిలో పెట్టాను. ఎమ్మే చదివిన హెడ్మాస్టరుకు తెలియని లెక్క ఆవిడ అరచేతులకు తెలుసు.

అదే వారంలో ఊరి పెద్దమనిషి ఒకాయన నన్ను దారిలో ఆపి, కూలికి పోయేవాళ్ల చేత లెక్కలు అడిగిస్తారా అని బాధపడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, బడికి ఏటా పలకలు కొనిచ్చినవాడే. ఆయన దృష్టిలో ఊరు బడికి ఇస్తుంది. ఇచ్చేవాళ్లు కొందరు, తీసుకునేవాళ్లు కొందరు. తీసుకునేవాళ్లు అడగడం ఏమిటన్నది ఆయన సందేహం. ఆ గోడ మాత్రం ఇప్పటికీ బీట తీయలేదు.

ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మునిసిపల్ హైస్కూల్లో పిల్లల తల్లిదండ్రుల మధ్య కూర్చున్నారు. 2025 జులై 10న రెండోసారి జరిపారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాట, పిల్లల ప్రగతి పత్రాలు, అందరికీ కలిసి భోజనం. అప్పటికి రిటైరైపోయిన నేను మొదటి మీటింగుకు, తొలి ఉద్యోగం చేసిన లంక బడికి వెళ్లాను. మామిడాకుల తోరణాలు, మైకు, కొత్త చీరలు, అచ్చం పెద్దింట్లమ్మ జాతరకు వచ్చినట్టే వచ్చారు. బడి లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని తండ్రులు తరగతి గదిలో చిన్న బల్లల మీద ఇరుక్కుని కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు తిరగేస్తుంటే నా కళ్లు చెమర్చాయి.

ఒక అవ్వ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. కూతురూ అల్లుడూ చేపల చెరువు మీద పనికి దూరం వెళ్లారు, మనవరాలు అవ్వ దగ్గర చదువుకుంటోంది. యువ టీచరమ్మ ఎంతో గౌరవంగా పక్కన కూర్చుని ప్రగతి పత్రం చదివి వినిపించింది. తెలుగు ఫరవాలేదు, లెక్కల్లో వెనకబడింది. అవ్వ అంతా విని అంది: "మార్కులు సరేనమ్మా. పిల్లకి చూపు ఆనుతోందా లేదా అది సెప్పు. బియ్యంలో రాయి ఏరమంటే బియ్యాన్నే ఏరి పారేత్తంది." ఆ పిల్ల కూర్చునేది ఆఖరి బెంచీలో. టీచరమ్మ పిల్లను పిలిచి బోర్డు మీద అంకె చదవమంది. చదవలేకపోయింది. మూడు నెలలుగా లెక్కలు రావనుకున్న పిల్లకు అసలు బోర్డే కనబడటం లేదు. ప్రగతి పత్రంలో చూపు గడి లేదు. అవ్వ చేటలో ఉంది.

ఆ రోజంతటిలో నాకు మిగిలింది ఆ మాట. ఆ మీటింగు జరగకపోతే ఆ మాట ఆ గుమ్మం దాకా వచ్చేది కాదు, అందుకే ఇలాంటి రోజులు ఉండాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ని. అయితే ఆ గదిలో ఎవరెవరు లేరో కూడా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పాత అలవాటు. రాని పేర్లన్నీ చెరువుల మీదున్నవాళ్లవే.

కొల్లేటి సంగతి తెలియకుండా ఈ లెక్క అర్థం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న నేల ఇది. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రైన్లు ఇందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అరవై కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. డెబ్బైల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి వేట మీద బతికే వడ్డి కుటుంబాల చేత, పేదల చేత చేపల చెరువులు తవ్వించింది. పెట్టుబడి పెట్టే శక్తి వాళ్లకు లేక చెరువులు మెల్లమెల్లగా పెద్దవాళ్ల చేతుల్లోకి పోయాయి. నిన్నటిదాకా దోనెలో స్వేచ్ఛగా వేటాడినవాడు తన పేరున్న చెరువు మీదే కాపలాదారు అయ్యాడు. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలంటే గట్లు తెగాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ గట్టుతో పాటు గట్టు మీది కూలి కూడా తెగింది. ఆ వేసవి తరవాత బడి తెరిచిన రోజున హాజరుపట్టీలో ఖాళీలు చూసి అప్పటికి రిటైరైన మాస్టారు నన్ను పిలిపించుకుని, "రెండో పుస్తకంలో వీళ్లు ఎక్కడికి వెళ్లారో రాసుకున్నావా?" అని అడిగారు. రాసుకోలేదు. ఆ వారమంతా సైకిలు మీద తిరిగి రాసుకున్నాను. కైకలూరు, ఆకివీడు వైపు కొందరు, ఇంకా దూరం కొందరు. ఎక్కడ చెరువుంటే అక్కడికి.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి దేశమంతా చూసింది. ఆ నీరు అక్కడితో ఆగదని కొల్లేటివాళ్లకు తెలుసు. నాలుగు రోజుల తరవాత అది లంకల గడప తొక్కింది. మీడియా అప్పటికి వెళ్లిపోయింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లు వచ్చాయి. నేను పనిచేసిన లంకలో ఎత్తు మీదున్నది బడి ఒక్కటే, గదులు తెరిచారు. మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే పొయ్యి వెలిగించారు. ఇప్పుడు ఆ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలిగొన్నవాడికి వేళ కాని వేళ అన్నం పెట్టిన ఆ తల్లి పేరుకు తగిన పని ఆ వరద రోజుల్లో ఆ ఇద్దరూ చేశారు. వాళ్లకు నెలకు వచ్చేది 3,000 రూపాయల గౌరవ వేతనం. ఏ పిల్లవాడు అన్నం వదిలేశాడో, ఎవడు రెండోసారి అడిగాడో రోజూ చూసేది వాళ్లే. బడికి ఊరు ఎవరని నన్ను అడిగితే ముందు వాళ్ల పేర్లు చెబుతాను. కమిటీ మీటింగులో వాళ్లను కూర్చోబెట్టి అడిగిన బడి నేను ఒక్కటీ చూడలేదు.

వరదప్పుడు బడికి రమ్మని ఎవరికీ ఆహ్వానం వెళ్లలేదు. అందరూ వచ్చారు. ఆ గదుల్లో ఒక పేట వాళ్లూ ఇంకో పేట వాళ్లూ పక్కపక్కన చాపలు వేసుకున్నారు. పిల్లలు తమ తమ బెంచీలు పెద్దవాళ్లకు చూపించుకున్నారు. నీరు తీసిన రోజు వెళ్లేముందు ఆడవాళ్లు గదులు కడిగి, బల్లలు తుడిచి, చీపుర్లు మూల పెట్టి వెళ్లారు. మన ఇల్లు కానిదాన్ని అంత శ్రద్ధగా ఎవరూ కడగరు.

అందుకే డిసెంబరు మీటింగులో ఆ ఖాళీలు నన్ను పట్టి పీడించాయి. వీళ్లకు బడి మీద ప్రేమ లేక రాలేదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఉదయం తొమ్మిదింటికి సభ పెడితే గట్టు మీదున్నవాడు చేపకు మేత ఎవరికి అప్పగించి వస్తాడు? ఊడ్పుల్లో ఉన్న తల్లి ఒక పూట కూలి వదులుకుంటే ఆ పూట కూర ఏది? బడి వేళలు మనవి, వాళ్ల వేళలు నీటివి. రమ్మని పిలిచి, రాలేదని నిందించడం మనకు అలవాటైపోయింది.

ఆ మీటింగు రాత్రి ఆ బడి టీచర్లిద్దరితో ఈ మాటే అన్నాను. చిన్నవాళ్లు, డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు. ముసలాయన చాదస్తం అనుకోకుండా విన్నారు. మాస్టారి పుస్తకం వాళ్ల ముందు పెట్టాను, అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఇద్దరూ మూడు ఆదివారాలు కూర్చుని కొత్త పుస్తకంలో ఇంటింటి సంగతీ రాశారు. ఏ చెరువు, ఎవరి గట్టు, ఏ వేళకు తీరిక. తరవాత కమిటీ చేత ఒక తీర్మానం చేయించారు: నెలకొకసారి మీటింగు చీకటి పడ్డాక, ఒక్కో నెల ఒక్కో గట్టు మీద. రిజిస్టరు, మినిట్స్ పుస్తకం, ఖాతా లెక్క అన్నీ సంచిలో పెట్టుకుని బడే అక్కడికి వెళ్లాలి.

మొదటి మీటింగుకు నన్నూ తీసుకెళ్లారు. సంక్రాంతి దాటిన చలి. కాపలా పాక ముందు ఒక బల్బు, గట్టు పక్కన ఖాళీ మేత సంచులు పరిచారు. పద్దెనిమిది మంది వచ్చారు. దూరంగా నీళ్ల మీద గూడబాతుల చప్పుడు. టీచరు ఖాతాలో ఎంత వచ్చిందీ ఎంత ఖర్చయిందీ చదివాడు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడమన్నా మాట్లాడలేదు. వాళ్లను ఇంతకు ముందెవరూ అడగలేదు. చాలాసేపటికి చివర కూర్చున్న ఒక తల్లి, మొగుడి వైపు ఒకసారి చూసి, లేచి నిలబడబోయింది. కూర్చునే చెప్పమ్మా అన్నాం.

"మా సిన్నది ఒకటో తరగతండి. కొత్త బల్లలు బాగున్నాయండి. కాపోతే ఎత్తెక్కువైనాయండి. దానికి కాళ్లు నేలకానవండి. పొద్దంతా యేలాడేసుకుని కూకుని రేత్రికి కాళ్లు లాగుతున్నాయని ఏడుత్తాదండి."

టీచర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో రోజూ ఉండేది వాళ్లే. నేను అదే బడిలో ఏళ్ల తరబడి ఉన్నాను, ఇలాంటి బల్లలు నా చేతుల మీదుగా ఎన్నో బడిలోకి దిగాయి, ఒకటో తరగతి పిల్ల కాళ్ల వైపు ఒక్కసారి చూడలేదు.

మినిట్స్ పుస్తకంలో అది మొదటి అంశంగా రాశారు. కింద ఆ తల్లి వేలిముద్ర వేయబోతే, భర్త ఆగమని, దానికి పేరు రాయడం వచ్చండి, చిన్నదాని దగ్గర నేర్చుకుంది అన్నాడు. బల్బు కిందికి పుస్తకం జరిపారు. రెండు మూడు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

శనివారం నాడు వడ్రంగి వచ్చి ఒకటో తరగతి బల్లల కాళ్లు మూడేసి అంగుళాలు కోశాడు.